ఐదు డాలర్లు అబ్రహాం మీద

మా అక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న సెలవులకి మా ఇంటికొచ్చి, పదిహేను రోజులు సోఫాకి అతుక్కుపోయి, ‘ది వాకింగ్ డెడ్’ అనే అమెరికన్ జాంబీ సీరియల్ ఆరు సీజన్లూ అవగొట్టేశాడు. మొత్తం 83 ఎపిసోడ్లు. ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ దగ్గరికి వచ్చిన రాత్రి నేను కావాలనే వాడి పక్కన కూర్చున్నాను. నీగన్ అనే విలన్, మోకాళ్ల మీద కూర్చోబెట్టిన పదకొండు మందిలో ఒకరి మీదికి బ్యాటు ఎత్తాడు. దెబ్బ పడింది, ఎవరి మీదో చూపించలేదు. తెర మీద రక్తం ధారగా జారి, అంతా నల్లగా అయిపోయింది. మావాడు “అబ్బా!” అన్నాడు, అంటూనే రిమోట్ నొక్కాడు. పది సెకన్లు కూడా పట్టలేదు, ఏడో సీజన్ మొదలైపోయింది.

“దీనికి మేము 203 రోజులు ఆగాం రా” అన్నాను.

వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండానే, “ఆగితే ఏమైంది మామయ్యా? దీనికా మీరంతా అంత గొడవ చేసింది?” అన్నాడు.

నిజమే, గొడవ చేశాం. 2016 ఏప్రిల్ 3న ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు నేను అట్లాంటాలో ఉన్నాను. తర్వాతి ఎపిసోడ్ అక్టోబర్ 23న వచ్చింది. ఆదివారం నుంచి ఆదివారానికి సరిగ్గా 29 వారాలు. ఆ సీరియల్ చూసేవాళ్లు అంతలా తిట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఏప్రిల్‌లో ఎందుకు తిట్టారో, అక్టోబర్‌లో ఎందుకు తిట్టారో జనం చెప్పిన కారణాలు వేరు. నాకు మాత్రం రెండూ ఒకే కోపం అనిపిస్తుంది. మావాడి ప్రశ్నకి ఆ రాత్రి సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను, ఎప్పుడైనా చదువుకుంటాడని.

(ఇంకా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆపేయండి. తర్వాత నన్ను అనొద్దు.)

రక్తం చూడనివాళ్లమా?

అక్టోబర్ 23 ఎపిసోడ్ మీద బయటికి గట్టిగా వినిపించిన ఫిర్యాదు హింస గురించి. అమెరికాలో పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ అనే సంస్థ ఉండేది, టీవీలో వచ్చే వాటి మీద ఓ కన్నేసి ఉంచేది. వాళ్లు మండిపడ్డారు. కొన్నేళ్లుగా చూస్తున్న అభిమానులు కూడా చాలామంది ఇక మా వల్ల కాదన్నారు. 2017 జనవరిలో నిర్మాతల్లో ఒకరైన గేల్ ఆన్ హర్డ్, ప్రేక్షకుల స్పందన చూశాక తర్వాతి ఎపిసోడ్లలో హింస కొంచెం తగ్గించామన్నట్టు మాట్లాడారు కూడా.

ఈ హింస వాదన నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆ సీరియల్ మొత్తంలో ఎక్కువమంది చూసిన ఎపిసోడ్ ఏదో తెలుసా? 2014 అక్టోబర్ 12న వచ్చిన అయిదో సీజన్ మొదటి ఎపిసోడ్. దాదాపు 1.73 కోట్ల మంది చూశారు. అందులో టెర్మినస్ అనే నరమాంస భక్షకుల స్థావరంలో మనుషుల్ని తొట్టి ముందు వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి బేస్‌బాల్ బ్యాటుతో తల మీద కొట్టి, గొంతు కోస్తారు. తొట్టిలోకి రక్తం పారుతుంది. ఆ వరసలో తర్వాతి మనిషి గ్లెన్, తర్వాత అక్టోబర్ 23న నీగన్ చంపినవాళ్లలో ఒకడు! అదే బ్యాటు, అదే గ్లెన్, అవే మోకాళ్లు. అప్పుడు మేమంతా ఈలలు వేశాం. అదే సీజన్‌లో నోవా అనే కుర్రాణ్ని తిరిగే తలుపు అద్దానికి అవతల వాకర్లు, అంటే నడిచే శవాలు, మొహం పీకి తింటుంటే, ఇవతల నిలబడి చూసేదీ గ్లెన్‌తో పాటు మేమే. వారం రోజులు అన్నం సయించలేదు గానీ, సీరియల్ మానేస్తామని మాలో ఒక్కడూ అనలేదు.

హెర్షెల్ సంగతి తీసుకోండి. 2013 డిసెంబర్ 1. గవర్నర్ అని పిలిపించుకునే విలన్ కత్తితో ఆ పెద్దాయన మెడ నరికాడు. ఇద్దరు కూతుళ్లూ కంచె అవతల నిలబడి చూస్తున్నారు. అంతకన్నా ఘోరం ఏముంటుంది? జనం ఏడ్చారు. ఏడ్చి, ఆ ఎపిసోడ్‌ని ఇప్పటికీ మంచివాటి లెక్కలోనే వేస్తారు.

కాబట్టి చావూ రక్తమూ మాకు కొత్త కాదు. ఎవరో ఒకరు చస్తారని తెలిసే ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చునేవాళ్లం.

కట్టప్ప ఎందుకు విసిగించలేదు

అయితే కోపం ఎదురుచూపుల మీదా? అదీ పూర్తిగా ఒప్పుకోలేను. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే మా తెలుగు వాళ్లం ఇంకో ప్రశ్నతో బతుకుతున్నాం. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. 658 రోజులు! నీగన్ బ్యాటు కింద గడిపిన దానికి మూడు రెట్ల పైమాట. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా అడుగుతుంటే, ఒక్కడన్నా “మోసం చేశార్రా” అని తిట్టాడా? జోకులేసుకున్నాం. మా ఆఫీసులో ఒక అమెరికన్‌కి కథంతా చెప్పి, చివర్లో “ఎందుకు చంపాడో 2017లో చెప్తారు” అంటే, “అంటే ఇంతసేపు చెప్పింది సగం సినిమానా?” అని కుర్చీలోంచి లేచాడు పాపం.

వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగినవాళ్లం మనం. హీరోయిన్ తలుపు తీసి కెవ్వున అరిచిన చోట ‘సశేషం’ అని పడితే, వచ్చే వారం దాకా ఇంటిల్లిపాదీ ఊహలు అల్లుకునేవాళ్లు. మా అమ్మయితే పక్కింటి పిన్నితో కలిసి కథ మొత్తం ముందే రాసేసేది. ఆగడం మనకి అలవాటే, ఆగడంలో సరదా కూడా ఉంది.

మరి తేడా ఎక్కడుంది? నేను చాలా రోజులు ఇలా అనుకునేవాణ్ని: కట్టప్ప ప్రశ్న ‘ఎందుకు’, నీగన్ ప్రశ్న ‘ఎవరు’. ‘ఎందుకు’ అని అడిగితే మనిషి కథలోకి వెళ్తాడు, ‘ఎవరు’ అని అడిగితే జాబితాలోకి వెళ్తాడు. చాలా గొప్పగా ఉంది కదా? మా రూమ్మేటు ఒకడు దీన్ని ఒక్క మాటతో పడగొట్టాడు. “మరి జేఆర్?” అన్నాడు.

‘డాలస్’ అనే సీరియల్‌లో జేఆర్ అనే ఆయన మీద 1980 మార్చి 21న కాల్పులు జరుగుతాయి. కాల్చింది ఎవరో నవంబర్ 21 దాకా చెప్పలేదు. అది అచ్చంగా ‘ఎవరు’ ప్రశ్నే. అమెరికా మొత్తం బుర్ర బద్దలు కొట్టుకుంది, జవాబు చెప్పిన రాత్రి దాదాపు 8.3 కోట్ల మంది చూశారు. ఎవరికీ కోపం రాలేదు.

అందుకని నా సిద్ధాంతాన్ని కొంచెం సవరించుకోవాల్సి వచ్చింది. అక్కడ అడిగింది కాల్చింది ఎవరని. అపరాధ పరిశోధన నవలలన్నీ అడిగేది అదే, చంపింది ఎవరు? చచ్చింది ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. శవం మన ముందు ఉంటుంది, దానికో పేరుంటుంది, దాని కోసం ఏడ్చేవాళ్లు ఉంటారు. వాకింగ్ డెడ్ వాళ్లు తిరగేశారు. చంపింది ఎవరో, దేనితో చంపాడో, ఎందుకు చంపాడో అన్నీ చూపించి, చచ్చినవాడి పేరు ఒక్కటే దాచారు. మాకు మిగిలింది దెబ్బ, రక్తం, పదకొండు ముఖాలు.

మూల కథలో ఈ దాపరికం లేదు కూడా. రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన కామిక్స్‌లో ఇదే ఘట్టం 2012 జులైలో, నూరో సంచికలో వచ్చింది. ఛార్లీ అడ్లార్డ్ బొమ్మలు. నీగన్ వచ్చాడు, లెక్క పెట్టాడు, గ్లెన్‌ని కొట్టాడు, చంపాడు. అంతా ఒకే సంచికలో. పుస్తకం మూసేసరికి ఎవరి కోసం ఏడవాలో పాఠకుడికి తెలుసు. 29 వారాల గోతిని తవ్వింది టీవీ వాళ్లే.

సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. ఆరో సీజన్ కథ హీరో రిక్ పొగరు కథ. నిద్రలో ఉన్నవాళ్లను చంపి, ఈ లోకంలో మాకు ఎదురులేదనుకున్న మనిషి, చివరికి మోకాళ్ల మీద వణుకుతూ కూర్చున్నాడు. ఆ వణుకుతో ఆ కథ పూర్తయింది, చచ్చేది ఎవరన్నది తర్వాతి కథ అంటారు. ఆ ఎపిసోడ్ మళ్లీ చూస్తే నిజంగానే అలా ఉంది. నిండు గర్భిణి కాదు గానీ కడుపుతో ఉన్న గ్లెన్ భార్య మ్యాగీని వైద్యానికి తీసుకెళ్లాలి. ఏ దారిన వెళ్లినా నీగన్ ముఠా సేవియర్లు అడ్డం. ఒక్కొక్క దారీ మూసుకుపోతుంటే రిక్ మొహంలో రంగు మారడం ఎంత బాగా తీశారో! నీగన్ మాట్లాడినంతసేపూ నాకు ఊపిరాడలేదు. అక్కడ, ఆ బ్యాటు లేవకముందు, తెర నల్లబడి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ని. దెబ్బ కొట్టించి, దెబ్బ తిన్నవాడి కంటితోనే మాకు చూపించి, ఆ కళ్లు ఎవరివో చెప్పకపోవడమే నచ్చలేదు.

అప్పటికే ఒకసారి చేశారు మరి. 2015 అక్టోబర్ 25 ఎపిసోడ్‌లో గ్లెన్ చెత్తతొట్టి మీంచి వాకర్ల గుంపులో పడ్డాడు, పేగులు లాగుతున్నట్టు చూపించారు. తర్వాతి ఎపిసోడ్లలో మొదట వచ్చే పేర్లలోంచి గ్లెన్ వేషం వేసిన స్టీవెన్ యూన్ పేరు కూడా తీసేశారు. నాలుగు వారాల తర్వాత నవంబర్ 22న చూస్తే, ఆ పేగులు వేరేవాడివి, మనవాడు తొట్టి కిందకి పాకి హాయిగా బతికున్నాడు. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే. ఆర్నెల్లు తిరక్కుండా పులి మళ్లీ వచ్చింది.

భీమవరం వాడి పందెం

ఇప్పుడు నేను చెప్పాల్సిన అసలు సంగతికి వస్తున్నాను. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం, పక్క బ్లాకులో ఇద్దరు. మొత్తం ఆరుగురం కలిసి చూసేవాళ్లం. అట్లాంటాలో ఉండి ఆ సీరియల్ చూడటంలో ఒక మజా ఉంది. మొదటి ఎపిసోడ్‌లో రిక్ గుర్రం మీద వచ్చే నగరం మేము రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే నగరమే. ఊరికి దక్షిణంగా కారులో గంట వెళ్తే సెనోయా. కథలో రిక్ వాళ్లు ఉండే అలెగ్జాండ్రియాని అక్కడే తీసేవారు. ఆ వేసవిలో ఓ శనివారం పులిహోర కట్టుకుని వెళ్లాం. గోడ దూరం నుంచే చూశాం, రేకులు, వాటి వెనక మామూలు ఇళ్లు, ఆ ఇళ్లల్లో నిజంగా మనుషులు కాపురముంటున్నారు. ఊళ్లో ఒక దుకాణంలో ముళ్లతీగ చుట్టిన బ్యాటు బొమ్మలు అమ్ముతున్నారు. కొట్టు ముందు నిలబడ్డ వాళ్లందరి నోటా ఒకటే మాట, “నువ్వు ఎవరనుకుంటున్నావు?”

గ్లెన్ అంటే మాకు వేరే లెక్క. 2010లో అమెరికన్ టీవీలో మన ఆసియా మొహం కనపడితే, కంప్యూటర్ ముందు కూర్చున్న బిత్తర మనిషో, కుంగ్‌ఫూ మాస్టరో అయ్యుండేవాడు. గ్లెన్ కొరియన్ కుర్రాడు, పిజ్జాలు డెలివరీ చేసుకునేవాడు. చదువుకునే రోజుల్లో మాలో ఇద్దరు అదే పని చేశారు. యుద్ధ ట్యాంకులో చిక్కుకున్న రిక్‌ని రేడియోలో వెటకారంగా పలకరించి మరీ కాపాడింది వాడు. ఆసామి కూతుర్ని ప్రేమించి పెళ్లి చేసుకున్నవాడు. “మనోడు” అనే అనేవాళ్లం, పేరు పెట్టి అనేవాళ్లం కాదు.

మేలో ఒక రాత్రి, భీమవరం కుర్రాడు పందెం అన్నాడు. భీమవరం వాడున్న చోట పందెం లేకపోతేనే ఆశ్చర్యం. మనిషికి ఐదు డాలర్లు. మోకాళ్ల మీద కూర్చున్నది పదకొండు మంది. పేర్లన్నీ కాగితం మీద రాశాడు: రిక్, కార్ల్, మిషోన్, డేరిల్, గ్లెన్, మ్యాగీ, అబ్రహాం, సాషా, రొసీటా, యూజీన్, ఆరన్. కామిక్స్ చదివిన వరంగల్ వాడు మారు మాట్లాడకుండా గ్లెన్ మీద పెట్టాడు. నేను అబ్రహాం మీద పెట్టాను.

ఎందుకు అబ్రహాం? ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గ్లెన్ పోకూడదు. డేరిల్ పోకూడదు. మ్యాగీ కడుపుతో ఉంది. కార్ల్ చిన్నపిల్లాడు. ఇలా ఒక్కొక్కర్నీ పక్కకు తీసి, చివరికి “వీడైతే ఫర్వాలేదు” అనుకున్నవాడి మీద డబ్బు పెట్టాను. నీగన్ చేసిందీ అదేగా! మనం చిన్నప్పుడు పంటలేసుకుని దొంగని తేల్చినట్టు, వాడు ఒక్కో మనిషి మీద బ్యాటు పెడుతూ పాట పాడాడు. వాడు ఏప్రిల్‌లో ఒక్కసారి పాడాడు. నేను అక్టోబర్ దాకా పాడుతూనే ఉన్నాను.

మా ఇంట్లోనే కాదు, అంతటా ఇదే. పాట అక్షరాలు లెక్కపెట్టి బ్యాటు ఎవరి దగ్గర ఆగిందో తేల్చినవాళ్లు, చివరి అరుపుల శబ్దం పెంచి గొంతులు పోల్చినవాళ్లు. చానెల్ వాళ్లు కూడా తక్కువ తినలేదు. సంగతి బయటికి పొక్కకుండా పదకొండు మంది చావులూ చిత్రీకరించారు. జూన్‌లో, కథ ముందే చెప్పేసే ఒక అభిమానుల బృందానికి ఆ చానెల్, ఏఎంసీ, లాయర్ల నుంచి తాఖీదు వచ్చింది, పోయింది ఎవరో మీ అంచనా ప్రచురిస్తే కోర్టుకి వెళ్తామని. ఒక చావు కబురు ఎవరి ఆస్తి అనే ప్రశ్న అంతకు ముందు నాకు ఎప్పుడూ రాలేదు.

దోహాలో మూడు గంటలు

2013లో ఒక రాత్రి పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. “ఒరేయ్ చిన్నా, టిక్కెట్ చూసుకుని బయలుదేరు.”

“ఏమైంది అన్నయ్యా? ఎవరికి?”

“ఏం లేదురా. ఇంట్లో కొంచెం బాలేదు. నువ్వు ముందు రా.”

మనవాళ్లు దూరాన ఉన్నవాళ్లకి ఇలాగే చెప్తారు. దారిలో ఏమైపోతాడో అని, ఒంటరిగా విమానంలో ఏడుస్తూ కూర్చుంటాడని. ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. అమ్మకి చేస్తే ఎత్తలేదు. నాన్న ఫోన్ ఆపేసి ఉంది.

దోహాలో విమానం మారడానికి మూడు గంటలు. ఆ మూడు గంటలు నేను ఏం చేశానో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప. లెక్కపెట్టాను. నాన్నా? అమ్మా? నానమ్మా? ఒక్కో పేరు దగ్గరా గుండె ఆగేది. మూడోసారి తిరిగేసరికి నాకు తెలియకుండానే మనసులో ఒక మాట వచ్చింది. నానమ్మయితే... 84 ఏళ్లు కదా.

తీరా వెళ్తే, పోయింది బాబాయ్. నా లెక్కలో ఆయన లేనే లేడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఆయనకేమవుతుంది? గుమ్మం పక్కన కూర్చుని ఉంది నానమ్మ, చిన్నకొడుకుని పోగొట్టుకుని. నన్ను చూసి, “వచ్చావా నాన్నా, కాళ్లు కడుక్కో” అంది. ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమె తర్వాత అయిదేళ్లు బతికింది. అన్నేళ్లూ, ఊరికెళ్లినప్పుడల్లా, నాకు ఆ దోహా మాట గుర్తొచ్చేది.

సీరియల్‌కీ దీనికీ పోలికేంటి అంటారేమో. చావు బరువులో పోలిక లేదు, నాకూ తెలుసు. మనసు చేసే పనిలో ఉంది. పోయినవాళ్ల పేరు తెలిస్తే మనిషి ఏడుస్తాడు. పోయారని మాత్రమే తెలిసి, పేరు తెలియకపోతే, ఏడవలేడు. ఎంచుతాడు. ఎంచడంలో ఎవరో ఒకర్ని వదులుకుంటాడు. మా అన్నయ్య నన్ను ఒకటిన్నర రోజు అలా ఉంచాడు, అదీ ప్రేమతో. అక్కడ 29 వారాలు ఉంచారు, ప్రకటనల మధ్య.

ఈ మాట మా ఆవిడతో అంటే ఆమె ఒప్పుకోలేదు. ఆమె ఈ సీరియల్ చూడదు. “పందెం కాసింది మీరు. డబ్బులు పెట్టింది మీరు. ఇప్పుడు వాళ్లని తిట్టడమేంటి?” అంది. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఎవరూ మా చేతిలో ఐదు డాలర్ల నోటు పెట్టి ఆడమనలేదు. ఆ వేసవి మేము బాగానే నవ్వుకున్నాం కూడా. అయితే నాకు అనిపించేది, కోపం అంత ఘాటుగా రావడానికి కారణం ఆ సగమేనేమో. ఎదుటివాడు చేసిన మోసానికి వచ్చే కోపం ఒక రకం. ఆ మోసంలో మన చెయ్యి కూడా ఉందని తెలిశాక వచ్చే కోపం ఇంకో రకం, అది తొందరగా చల్లారదు.

అక్టోబర్ 23

దీపావళికి వారం ముందు. భీమవరం వాడు బిర్యానీ చేశాడు. ఆరుగురం తొమ్మిదింటికల్లా కూర్చున్నాం. మొదలయ్యాక కూడా చెప్పడే! రిక్‌ని బండిలో ఎక్కించుకుపోయి, గొడ్డలి విసిరి, పొగమంచులో తిప్పి, ఒక్కొక్కరి ముఖం మెరుపులా చూపించి, దాదాపు ఇరవై నిమిషాలు మళ్లీ అదే ఆట. మధ్యలో కార్ల ప్రకటనలు.

చివరికి బ్యాటు అబ్రహాం మీద పడింది.

భీమవరం వాడు “నీదేరా డబ్బు!” అని నా వీపు మీద కొట్టాడు. నేను నవ్వాను. తెర మీద ఆ మనిషి, తల పగిలి నెత్తురు కారుతున్నా, మళ్లీ నిటారుగా లేచి వాణ్ని ధిక్కరిస్తున్నాడు. నేను ఇక్కడ పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాను. అబ్రహాం నాకు ఇష్టమైన మనిషి. ఆ ధిక్కారానికి లేచి నిలబడి ఏడవాల్సింది. ముప్ఫై డాలర్లు గెలిచినందుకు నవ్వాను.

ఆ తర్వాత డేరిల్ లేచి నీగన్‌ని గుద్దడం, దానికి శిక్షగా బ్యాటు గ్లెన్ మీద పడటం. కామిక్స్‌లో ఉన్నట్టే కన్ను బయటికొచ్చి, మాట ముద్దగా అయిపోయి, మ్యాగీతో నిన్ను వెతుక్కుంటూ వస్తానన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. వరంగల్ వాడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. లెక్క ప్రకారం వాడు కూడా గెలిచాడు. ఇద్దరు పోతే డబ్బులెలా పంచాలో మేము రాసుకోలేదు.

ఎపిసోడ్ చివర్లో రిక్ ఊహలో ఒక పొడవాటి భోజనాల బల్ల వస్తుంది. అందరూ ఉన్నారు, గ్లెన్ ఒళ్లో పిల్లాడు. కథలో నాకు బాగా నచ్చిన దృశ్యాల్లో అదొకటి, ఇప్పుడు చూస్తే. ఆ రాత్రి మాత్రం ‘ఇంకా ఎంత పిండుతార్రా’ అనిపించింది. నా లోపల ఏడుపు రావాల్సిన చోట వేరేది పేరుకుని ఉంది. ఆ వెంటనే మొదలైన చర్చా కార్యక్రమాన్ని లాస్ ఏంజెలెస్‌లో ఒక శ్మశానవాటికలో, జనం మధ్య, ప్రత్యక్ష ప్రసారంగా పెట్టారు. చచ్చిన ఇద్దరు నటులూ అక్కడే కూర్చుని నవ్వుతూ మాట్లాడారు. ఎవరో టీవీ కట్టేశారు.

హింస ఎక్కువైందని మర్నాడు ఆఫీసులో నేను కూడా అన్నాను. అలా అనడం తేలిక. నిన్న ఒక మనిషి చస్తే నేను నవ్వానని కాఫీ మిషన్ దగ్గర ఎవరు చెప్తారు?

అంకెల మాట

ఈ వాదన వింటే చాలామంది అంకెలు చూపిస్తారు. అక్టోబర్ 23న 1.7 కోట్ల మంది చూశారు, మరుసటి వారానికి అది 1.25 కోట్లకి పడింది, చూశావా జనం ఎలా బుద్ధి చెప్పారో అని. నేనూ కొన్నాళ్లు ఇలాగే గొప్పలు పోయాను. తీరా చూస్తే ఆ అక్టోబర్ 30 రాత్రి చికాగోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ అయిదో ఆట. 1908 తర్వాత కప్పు మొహం చూడని కబ్స్ ఆడుతున్నారు. ఇంకో చానెల్లో డాలస్ కౌబాయ్స్, ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఫుట్‌బాల్. మా టీములో సగంమంది ఆ రాత్రి వాకర్ల మొహమే చూడలేదు, కోపంతో కాదు. పైగా ఆ ఏళ్లల్లో కేబుల్ టీవీ మొత్తంగానే కరిగిపోతోంది. 2022 నవంబర్‌లో ఆఖరి ఎపిసోడ్ ప్రసారం చూసినవాళ్లు సుమారు 23 లక్షలు. ఈ పతనమంతా ఒక్క బ్యాటు మీద వెయ్యలేం. అంకెలు నా వైపు ఉన్నాయని నేను అనను.

నాకు తెలిసింది మా ఆరుగురి సంగతి. నవంబర్‌లో ముగ్గురమే చూశాం. ఫిబ్రవరికి నేనొక్కణ్నే. మొదట మానేసిన ముగ్గుర్లో ఒక్కడు కూడా ఆటలు చూడడు.

డబ్బు ఖాళీ హార్లిక్స్ సీసాలో అలాగే ఉండిపోయింది. నేను అడగలేదు, వరంగల్ వాడూ అడగలేదు. భీమవరం వాడికి డాలస్‌లో ఉద్యోగం వచ్చి ఇల్లు సర్దుతుంటే అలమరా వెనక దొరికింది. పాతిక సెంట్ల నాణేలుగా మార్చి, ఆ నెలంతా నాణేలేసే వాషింగ్ మిషన్లో అందరి బట్టలూ ఉతుక్కున్నాం.

మా మేనల్లుడి సంగతి చెప్పాలి. ఆ ఇరవై నిమిషాల పొగమంచు వాడు పూర్తిగా చూడనేలేదు. “ఏంటి మామయ్యా ఈ సాగదీత” అని రిమోట్‌తో ముందుకి తోసుకుంటూ వెళ్లి, బ్యాటు దగ్గర ఆపాడు. అబ్రహాం పోయినప్పుడు “అయ్యో, పెద్ద మీసాలాయన” అన్నాడు. వాడి గొంతులో జాలి వినిపించింది. ఆ జాలి మాకు ఆ రోజు రాలేదు. గ్లెన్ దగ్గరికి వచ్చేసరికి దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఎపిసోడ్ పెట్టలేదు. టీవీ కట్టేసి, వెళ్లి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ అడిగాడు, “మామయ్యా, డేరిల్‌కి ఏమీ కాదు కదా?”

ముందే చెప్తే మజా పోతుందని, నోరు విప్పకూడదని, ఇన్నేళ్లుగా మేము పాటించిన నియమం ఒకటుంది.

“ఏమీ కాదురా, చివరిదాకా ఉంటాడు” అన్నాను. “పెరుగు వేసుకో.”